కూలింగ్ టవర్ ఆవిరి, సోలార్ పలక: మధ్యలో మన ఎండ

వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జోకులతో పాటు ఒక సైన్సు వ్యాసం కూడా ఉండాలని సంపాదకవర్గంలోని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగారు. మేము ఈ హాస్టల్లోనే చదువుకొని ఇప్పుడు యూనివర్సిటీలో ఫిజిక్స్ పీజీ చేస్తున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి వాళ్ళం మేమే. కాబట్టి పుస్తకంలోని పాఠం మన ఊరి విషయానికి ఎలా పనికొస్తుందో చెప్పే అంశం అయితే బాగుంటుందని ఆలోచించి దీన్ని ఎంచుకున్నాం.

మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదివే వాళ్ళలో పాల్వంచ, రామగుండం, ఇబ్రహీంపట్నం, పరవాడ లాంటి చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాల పక్క ఊళ్ళ వాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఇప్పుడు ఆ ఊళ్ళల్లోనూ ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా రాయితీ ప్రకటించారు. మిగతా డబ్బు చాలా ఇళ్ళల్లో అప్పే. ఆ అప్పు తీరాలంటే పలక మీద ఎండ పడాలి. మరి పక్కనే ఉన్న పెద్ద గోపురాల నుంచి తెల్లగా మబ్బులా లేచేది ఆ ఎండకు అడ్డం వస్తే? ఎంత వస్తుంది? ఎప్పుడు వస్తుంది? ఎవరింటి మీద వస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు ఇంటర్ ఫిజిక్స్, పదో తరగతి త్రికోణమితి చాలు. ఎలాగో చూద్దాం.

ఆ తెల్లటిది పొగ కాదు

థర్మల్ కేంద్రంలో రెండు రకాల ఎత్తైన కట్టడాలు కనిపిస్తాయి. సన్నగా, నిటారుగా, ఎర్ర తెల్ల పట్టీలతో ఉండేది చిమ్నీ. బొగ్గు కాలిన వాయువులు, మిగిలిన సన్నటి బూడిద దాని నుంచి పోతాయి. నడుము దగ్గర సన్నబడి పైన కొంచెం విచ్చుకొని, డమరుకంలా లావుగా ఉండేది కూలింగ్ టవర్. దాని నుంచి వచ్చేది నీటి సంబంధమైనదే. ఊళ్ళో అందరూ రెండింటినీ కలిపి 'పొగ గొట్టాలు' అంటారు గాని, రెండింటి స్వభావం వేరు, రెండింటి వల్ల వచ్చే నష్టం వేరు.

ఇంకో చిన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. నీటి ఆవిరి కంటికి కనిపించదు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినప్పుడు దూరం నుంచే గమనించండి. రంధ్రానికి ఆనుకొని ఒక అంగుళం మేర ఏమీ లేనట్లు ఉంటుంది, ఆ తర్వాతే తెల్లగా కనిపిస్తుంది. ఆ ఖాళీగా కనిపించే చోట ఉన్నదే అసలు ఆవిరి. తెల్లగా కనిపించేది ఆవిరి చల్లబడి మారిన సన్నటి నీటి తుంపర. మబ్బు కూడా అంతే. కూలింగ్ టవర్ పైన కనిపించేది కూడా మనిషి తయారుచేసిన మబ్బే. దీన్ని ఇంగ్లీషులో ప్లూమ్ అంటారు. మేము ఈ వ్యాసంలో 'ఆవిరి మబ్బు' అంటాం.

అంత నీరు ఎందుకు ఆవిరి అవుతుంది?

బాయిలర్లో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. పని అయిపోయిన ఆవిరిని కండెన్సర్లో మళ్ళీ నీటిగా మార్చాలి. అప్పుడు వదిలే వేడిని వేరే నీళ్ళు మోసుకుపోతాయి. ఆ వేడెక్కిన నీళ్ళను టవర్లో జల్లుగా కిందికి వదిలితే, కింది నుంచి పైకి వెళ్ళే గాలి తగిలి కొంత నీరు ఆవిరై, మిగతా నీరు చల్లబడుతుంది. మన కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. కుండ చెమ్మగిల్లి ఆవిరి అయ్యేటప్పుడు లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. దాన్నే బాష్పీభవన గుప్తోష్ణం అని చదువుకున్నాం.

ఒక 500 మెగావాట్ల యూనిట్ తీసుకుందాం. బొగ్గు ఇచ్చే ప్రతి 100 భాగాల వేడిలో సుమారు 37 భాగాలు కరెంటు అవుతాయి, 13 భాగాలు చిమ్నీ గుండా, ఇతరత్రా పోతాయి, 50 భాగాలు కండెన్సర్‌కు వస్తాయి అనుకుందాం. అప్పుడు:

మొత్తం వేడి = 500 ÷ 0.37 = సుమారు 1350 మెగావాట్లు.
కండెన్సర్‌కు వచ్చేది = అందులో సగం, 675 మెగావాట్లు.
ఇందులో 80 శాతం ఆవిరి రూపంలో పోతే = 540 మెగావాట్లు.
ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ళు కావాలి. కాబట్టి 540 ÷ 2.4 = సెకనుకు 225 కిలోలు.

అంటే గంటకు సుమారు 810 టన్నుల నీరు. పది వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు గంటకు ఎనభై ఒకటి గాలిలో కలిసిపోతున్నట్లు లెక్క. కరెంటుగా మారేది 500 మెగావాట్లయితే, ఆ ఒక్క యూనిట్ టవర్ నుంచి ఆకాశంలోకి పోయే వేడి అంతకన్నా ఎక్కువ. ఇంత తేమ ఒకేచోట నుంచి లేస్తుంటే పైన మబ్బు కట్టడంలో ఆశ్చర్యం లేదు.

చలికాలం పొద్దున బారెడు, ఎండాకాలం మధ్యాహ్నం మాయం

థర్మల్ పక్క ఊరి వాళ్ళకు ఒక అనుభవం ఉంటుంది. పుష్యమాసం తెల్లవారుజామున ఆ మబ్బు ఊరి మీదుగా చాలా దూరం సాగుతుంది. మే నెల మధ్యాహ్నం మాత్రం టవర్ మూతి దగ్గరే కాసింత కనిపించి మాయమవుతుంది. 'ఎండాకాలం పని తక్కువ చేస్తారేమో' అని కొందరు అనుకుంటారు. నిజానికి ఎండాకాలంలోనే కరెంటుకు గిరాకీ ఎక్కువ. ఆవిరి కూడా అంతే లేస్తుంది. తేడా బయటి గాలిలో ఉంది.

ఒక ఘనపు మీటరు గాలి ఒక ఉష్ణోగ్రత దగ్గర ఇంత తేమనే మోయగలదు. 18 డిగ్రీల దగ్గర సుమారు 15.4 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర 23 గ్రాములు, 32 డిగ్రీల దగ్గర 33.8 గ్రాములు, 35 డిగ్రీల దగ్గర 39.6 గ్రాములు, 36 డిగ్రీల దగ్గర 41.7 గ్రాములు. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ మోసే శక్తి వేగంగా పెరుగుతోందని గమనించండి. గ్రాఫు గీస్తే గీత తిన్నగా రాదు, పైకి వంగుతుంది. అసలు కిటుకు ఈ వంపులోనే ఉంది.

జనవరి పొద్దున: టవర్ నుంచి 32 డిగ్రీల సంతృప్త గాలి వస్తోంది, అందులో తేమ 33.8 గ్రాములు. బయటి గాలి 18 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 90 శాతం, తేమ 13.9 గ్రాములు. రెండూ సగం సగం కలిస్తే ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, తేమ సుమారు 23.8 గ్రాములు. 25 డిగ్రీల గాలి మోయగలిగింది 23 గ్రాములే. మిగిలిన తేమ తుంపరగా మారక తప్పదు. మబ్బు కడుతుంది. చుట్టూ ఉన్న గాలి అప్పటికే తేమతో నిండి ఉంది కాబట్టి ఆ తుంపర త్వరగా ఆరదు. మబ్బు సాగుతుంది.

మే మధ్యాహ్నం: టవర్ గాలి 36 డిగ్రీలు, 41.7 గ్రాములు. బయటి గాలి 34 డిగ్రీలు, ఆర్ద్రత 70 శాతం, సుమారు 26.3 గ్రాములు. కలిస్తే 35 డిగ్రీలు, 34 గ్రాములు. మోయగలిగింది 39.6 గ్రాములు. ఇంకా ఖాళీ ఉంది. మబ్బు నిలవదు.

పైన తీసుకున్నవి సముద్ర తీరపు వాతావరణానికి దగ్గరగా ఉండే అంకెలు. చలి ఎక్కువగా ఉండే లోపలి ప్రాంతాలకు ఇదే లెక్క వేస్తే జనవరిలో మబ్బు ఇంకా చిక్కగా వస్తుంది, మే నెలలో ఇంకా త్వరగా ఆరిపోతుంది. చేసి చూడండి.

దీన్నిబట్టి మొదటి జవాబు దొరికింది. ఆవిరి మబ్బు ఎండకు అడ్డం వచ్చేది ముఖ్యంగా చలికాలంలో, అదీ పొద్దున పూట. వానాకాలంలో కూడా గాలి తేమగా ఉండి మబ్బు సాగుతుంది గాని, అప్పుడు ఆకాశంలో అసలు మబ్బులే ఉంటాయి కాబట్టి దీని లెక్క విడిగా తేలదు.

నీడ ఎక్కడ పడుతుంది?

మబ్బు మన నెత్తి మీద ఉంటే నీడ కూడా మన మీదే ఉంటుందని అనుకోకూడదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే అది నిజం. మిగతా వేళల్లో నీడ సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా పడుతుంది. ఆ దూరం = మబ్బు ఎత్తు ÷ సూర్యుడి కోణం టాంజెంట్. ఎత్తులు, దూరాలు అధ్యాయంలో చేసిన లెక్కే.

విశాఖ తీరంలో డిసెంబరు 21 ప్రాంతంలో, మబ్బు 350 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం.

ఉదయం 8 గంటలకు సూర్యుడి కోణం సుమారు 19 డిగ్రీలు. నీడ దాదాపు 1000 మీటర్ల అవతల, వాయవ్య దిక్కున పడుతుంది.
10 గంటలకు కోణం 40 డిగ్రీలు. నీడ సుమారు 415 మీటర్ల దూరంలో.
మధ్యాహ్నం 12కు కోణం 49 డిగ్రీలు. నీడ సుమారు 305 మీటర్లు, ఉత్తరాన.

అంటే టవర్ పక్కనే ఉన్న ఇంటికి పొద్దున పూట ఎండ వస్తుండవచ్చు, కిలోమీటరు అవతల ఉన్న ఇంటి మీద నీడ ఉండవచ్చు. ఇక మే రెండో వారంలో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజు ఉంటుంది. ఆ మధ్యాహ్నం నీడ సరిగ్గా మబ్బు కిందే పడుతుంది. కానీ ఆ కాలంలో మబ్బే ఉండదని పైన చూశాం.

రెండో విషయం గాలి దిక్కు. మబ్బు గాలి పోయిన వైపు సాగుతుంది. చలికాలంలో మన ప్రాంతంలో ఈశాన్య గాలి ఎక్కువ కాబట్టి లోపలి జిల్లాల్లో మబ్బు నైరుతి వైపు సాగే రోజులు ఎక్కువ. ఉదయం నీడ దానికి వాయవ్యంగా జరుగుతుంది. రెండూ కలిపి చూస్తే టవర్‌కు పడమర, నైరుతి దిక్కుల్లో ఉన్న పొలాలు, ఇళ్ళు ఎక్కువసార్లు నీడలోకి వస్తాయి. తీరంలో అయితే రాత్రి నుంచి పొద్దున దాకా భూమి మీది గాలి సముద్రం వైపు, పొద్దెక్కాక సముద్రపు గాలి ఊరి వైపు మళ్ళుతాయి. అందుకని పటం వేసేటప్పుడు ఎక్కడి గాలిని అక్కడే చూడాలి.

పలకకు నష్టం ఎంత?

మబ్బు ఎండను మింగేయదు, చెదరగొడుతుంది. దీన్నే పరిక్షేపణం అంటారు. నేరుగా వచ్చే కిరణాలు తగ్గి, అన్ని దిక్కుల నుంచి వచ్చే పలుచని వెలుతురు మిగులుతుంది. ఇంటి మీద పెట్టే మామూలు సోలార్ పలక ఈ చెదిరిన వెలుతురుతో కూడా కొంత కరెంటు తీస్తుంది. ఆకాశం పూర్తిగా కమ్ముకున్నప్పుడు కూడా పదో వంతు నుంచి పావు వంతు దాకా రావచ్చు. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి ఆవిరి పుట్టించే రకం కేంద్రాలు వేరు. అనంతపురం జిల్లాలో 2014లో మొదలైన 50 మెగావాట్ల కేంద్రం అలాంటిదే. వాటికి నేరు కిరణమే కావాలి. కాబట్టి అలాంటివి కూలింగ్ టవర్ల పక్కన పెట్టడం అస్సలు తగదు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క. 3 కిలోవాట్ల పలకలు చలికాలపు మంచి ఎండ రోజున సుమారు 12 యూనిట్లు ఇస్తాయి అనుకుందాం. సూర్యోదయం నుంచి తొమ్మిది గంటల దాకా ఎండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఆ రెండున్నర గంటల్లో వచ్చేది రోజు మొత్తంలో సుమారు పదో వంతే. ఆ పదో వంతులో సగం మబ్బు నీడ వల్ల పోతే ఆ రోజు నష్టం 5 శాతం, అంటే 0.6 యూనిట్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 120 రోజుల్లో మూడు రోజులకు ఒకసారి గాలి మన వైపు మళ్ళితే 40 రోజులు. 40 × 5 శాతం = రెండు రోజుల ఉత్పత్తి. ఏడాది 365 రోజుల్లో రెండు రోజులంటే అర శాతం చిల్లర.

ఇది మామూలు దూరంలో ఉన్న ఇంటికి. మరీ దగ్గరగా, కొన్ని వందల మీటర్ల లోపల, అదీ ఫ్యాన్లతో నడిచే పొట్టి టవర్ల పక్కన ఉంటే కథ మారుతుంది. వాటి మబ్బు తక్కువ ఎత్తులోనే సాగుతుంది, నీడ అక్కడక్కడే తిరుగుతుంది. ఏడాదిలో 100 రోజులు, రోజుకు 15 శాతం చొప్పున పోయిందనుకుంటే 15 రోజుల ఉత్పత్తి పోయినట్లు. అది 4 శాతం. అంత ఉంటే అప్పు వాయిదా మీద తెలుస్తుంది.

కాబట్టి రెండు మాటలూ నిజం కాదు. 'థర్మల్ పక్కన సోలార్ దండగ' అనేదీ నిజం కాదు, 'ఆవిరే కదా, ఏమీ కాదు' అనేదీ నిజం కాదు. దూరం, దిక్కు, కాలం చూసి చెప్పాలి.

సింహాద్రి ఉదాహరణ

ఈ విషయం ఎందుకు ముఖ్యమంటే, మన దగ్గర థర్మల్, సోలార్ పక్కపక్కనే వస్తున్నాయి. థర్మల్ కేంద్రం దగ్గర భూమి, జలాశయం, సబ్‌స్టేషన్, హైటెన్షన్ లైన్లు ముందే ఉంటాయి కాబట్టి అక్కడ సోలార్ పెట్టడం తేలిక. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2000 మెగావాట్లు. సుమారు 165 మీటర్ల ఎత్తైన కూలింగ్ టవర్లు ఉన్నాయి, చల్లబరచడానికి సముద్రపు నీరు వాడతారు. అదే కేంద్రపు మంచినీటి జలాశయం మీద 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం మొదలైంది. 75 ఎకరాల నీటి మీద లక్షకు పైగా పలకలు. మరుసటి ఏడాది, 2022 జూలై నాటికి, రామగుండం జలాశయం మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలియాడే కేంద్రం పూర్తయింది.

25 మెగావాట్ల సోలార్ కేంద్రం తన సామర్థ్యంలో సగటున ఐదో వంతు ఇస్తుందనుకుంటే ఏడాదికి సుమారు 4.38 కోట్ల యూనిట్లు. అందులో ఒక్క శాతం 4.38 లక్షల యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్ళు 365 ఏడాది పొడవునా వెలిగేంత. శాతం చిన్నదైనా మొత్తం పెద్దదైతే నష్టం చిన్నది కాదు.

ఇంకో లెక్క కూడా చూడండి. సింహాద్రి తేలియాడే పలకలు జలాశయానికి మూతలా ఉండి ఏడాదికి 136.4 కోట్ల లీటర్ల నీరు ఆవిరి కాకుండా కాపాడతాయని ప్రారంభ సమయంలో ప్రకటించారు. ఇది పెద్ద మేలే. అయితే పైన మనం వేసిన లెక్క ప్రకారం 2000 మెగావాట్లు పూర్తిగా నడిస్తే టవర్ల నుంచి రోజుకు సుమారు 7.8 కోట్ల లీటర్లు ఆవిరవుతాయి. ఏడాదిలో కాపాడిన నీరు దాదాపు పద్దెనిమిది రోజుల ఆవిరికి సమానం. అక్కడ టవర్లలో ఆవిరయ్యేది సముద్రపు నీరు, కాపాడేది మంచినీరు. కాబట్టి రెంటినీ ఒకే గాట కట్టి తీర్పు చెప్పకూడదు. నది నీటితో నడిచే కేంద్రాలకు మాత్రం ఈ పోలిక నేరుగా వర్తిస్తుంది. అందుకే 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కూలింగ్ టవర్లున్న పాత థర్మల్ కేంద్రాలు మెగావాట్ గంటకు 3.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడరాదని నిబంధన పెట్టింది.

నీడ కన్నా మురికితో ఎక్కువ జాగ్రత్త

మేము ఈ విషయం చదువుతున్న కొద్దీ ఒకటి అర్థమైంది. ఆవిరి మబ్బు నీడ పోతుంది, వస్తుంది. పలక మీద పేరుకున్నది మాత్రం కడిగేదాకా పోదు.

టవర్ గాలితో పాటు కొన్ని అసలైన నీటి బొట్లు కూడా ఎగిరి వస్తాయి. వీటిని డ్రిఫ్ట్ అంటారు. ఆవిరిలో ఉప్పు ఉండదు గాని, ఈ బొట్లలో ఆ నీటిలోని లవణాలన్నీ ఉంటాయి. వీటిని ఆపడానికి టవర్ లోపల అడ్డు పలకలు పెడతారు. ఒక 500 మెగావాట్ల యూనిట్‌కు గంటకు సుమారు 58 వేల ఘనపు మీటర్ల నీరు తిరుగుతుంది. అందులో 0.002 శాతం బొట్లుగా పోతే గంటకు 1160 లీటర్లు. అది సముద్రపు నీరైతే లీటరుకు 35 గ్రాముల చొప్పున గంటకు 40 కిలోల ఉప్పు. ఇది మేము కాగితం మీద వేసిన అంచనాయే గాని ఏ కేంద్రంలోనూ కొలిచింది కాదు. అడ్డు పలకలు పాడైపోతే మాత్రం ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది. పెద్ద బొట్లు టవర్‌కు దగ్గర్లోనే పడిపోతాయి.

ఇక చిమ్నీ నుంచి తప్పించుకొచ్చే బూడిద, ఎండిన బూడిద చెరువుల నుంచి గాలికి లేచే దుమ్ము. పొడి బూడిద గాలికి కొంత పోతుంది. రాత్రి మంచు కురిసి, దాని మీద బూడిద పడి, పొద్దున ఎండకు ఆరితే పొరలా కట్టేస్తుంది. అప్పుడు ఉత్తి నీళ్ళు కుమ్మరిస్తే పోదు. మెత్తని బట్టతో, పలక చల్లగా ఉన్న పొద్దున పూటే తుడవాలి. వేడెక్కిన పలక మీద చన్నీళ్ళు పోస్తే అద్దం పగిలే ప్రమాదం ఉంది. ఇసుకతో, పీచుతో రుద్దితే గీతలు పడి శాశ్వత నష్టం.

చిమ్నీ నుంచి వచ్చే గంధక వాయువు గాలిలో సన్నటి కణాలుగా మారి పొగమంచులా కమ్ముతుంది. ఆ మసక వందల కిలోమీటర్లు పోతుంది, రోజంతా ఉంటుంది. టవర్ మీది తెల్లని మబ్బు కంటికి పెద్దగా కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. కంటికి ఆనని మసక దూరపు ఊళ్ళ ఎండను కూడా తగ్గిస్తుందని మరువరాదు.

మనమే కొలుద్దాం

ఇంతసేపు చెప్పిన అంకెల్లో చాలా వరకు 'అనుకుందాం' అని మొదలైనవే. అసలు అంకె కావాలంటే కొలవాలి. అందుకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకు కూడా బాగుంటుంది.

కావలసినవి: రెండు చిన్న సోలార్ పలకలు (బొమ్మల్లో, గార్డెన్ లైట్లలో వాడేలాంటివి), ఒక మల్టీమీటర్, ఒక నోటుబుక్కు, సెలవుల్లో ఇంటికి వెళ్ళే ఇద్దరు స్నేహితులు.

పద్ధతి: రెండు పలకలనూ మొదట ఒకేచోట, ఒకే ఎండలో పెట్టి ఎంత కరెంటు ఇస్తున్నాయో మల్టీమీటర్‌తో కొలిచి తేడా రాసుకోవాలి. తర్వాత ఒకటి టవర్‌కు నైరుతి వైపు ఊళ్ళో, ఇంకొకటి మబ్బు రాని దిక్కున ఉన్న ఊళ్ళో పెట్టాలి. రెండూ బల్లపరుపుగా ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో రోజూ 7:30, 8:00, 8:30, 9:00, 10:00 గంటలకు ఫోన్లో మాట్లాడుకొని ఒకే నిమిషంలో కొలవాలి. చిన్న పలకను షార్ట్ సర్క్యూట్ చేసి చూసే కరెంటు దాని మీద పడే వెలుతురుకు దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. మబ్బు ఏ దిక్కుకు ఉంది, ఎన్ని టవర్ల ఎత్తంత పొడవు ఉంది, పొగమంచు ఉందా అనేవి పక్కన రాయాలి. ప్రతి ఆదివారం పలకను తుడవకముందు, తుడిచాక కూడా కొలవాలి. నీడ నష్టం ఎంత, మురికి నష్టం ఎంత అనేది అలా వేరుపడుతుంది.

జాగ్రత్తలు: సూర్యుడిని నేరుగా చూడకూడదు. ఇంటి మీది పెద్ద పలకల వైర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు, షార్ట్ చేయకూడదు. అవి ప్రాణాపాయం. కేంద్రం కాంపౌండు లోపలికి వెళ్ళకూడదు, బయటి నుంచే చూడాలి.

ఈ కొలతలు ఎవరికి?

2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పాత యూనిట్లకు చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను కూల్చివేశారు. ఆ ఊరి వాళ్ళు ఎన్నో ఏళ్ళు వాటిని చూస్తూ బతికారు. అవి ఉన్నంత కాలం వాటి మబ్బు ఏ వాడ మీద ఎన్ని రోజులు నిలిచిందో మన పిల్లలు ఎవరైనా ఒక నోటుబుక్కులో రాసి ఉంటే, ఇప్పుడు ముందూ తర్వాతా పోల్చి చూసే వీలుండేది. అలాంటి అవకాశం మిగిలిన చోట్ల ఇంకా ఉంది.

థర్మల్ కేంద్రం పక్కన ఉండే వాడల్లో మనవాళ్ళే ఎక్కువ. భూములు పోయినవాళ్ళు, కాంట్రాక్టు కూలికి పోయేవాళ్ళు, బూడిద పడే పెరట్లో బట్టలు ఆరేసుకొనేవాళ్ళు. 'మా పలకలు సరిగా ఇవ్వడం లేదు' అని నోటితో చెబితే ఎవరూ వినకపోవచ్చు. తేదీ, సమయం, అంకె వేసి ముప్పై రోజుల పట్టిక చేతిలో పెడితే జవాబు చెప్పక తప్పదు. లేదా ఆ పట్టికే 'నష్టం అర శాతమే, ధైర్యంగా పెట్టించుకోండి' అని తేలిస్తే, అది కూడా మన అమ్మానాన్నలకు మేలైన కబురే. రెండిట్లో ఏది నిజమైనా, తెలుసుకొని చెప్పగలిగేది ఆ ఇంట్లో చదువుకున్న పిల్లలే.

సోలార్ పెట్టించుకోబోయే ఇంటికి మా సలహాలు నాలుగు. చలికాలం పొద్దున మబ్బు ఏ దిక్కుకు పోతుందో కనీసం రెండు వారాలు చూడండి. టవర్‌కు పడమర, నైరుతి దిక్కుల్లో అర కిలోమీటరు లోపల ఉంటే అంచనా బిల్లులో చెప్పిన యూనిట్లను అలాగే నమ్మకండి. నీటి వసతి, మేడ మీదికి మెట్లు ఉన్న చోటే పలకలు పెట్టించండి, లేకపోతే తుడవడం కుదరదు. మొదటి ఏడాది మీటరు రీడింగు నెలనెలా రాసిపెట్టుకోండి.

ఆలోచించండి, లెక్క చేయండి

1. బయటి గాలి 14 డిగ్రీలు, ఆర్ద్రత 90 శాతం, టవర్ గాలి 32 డిగ్రీలు సంతృప్తం. సగం సగం కలిస్తే ఘనపు మీటరుకు ఎన్ని గ్రాముల తేమ మిగిలిపోతుంది? (14 డిగ్రీల దగ్గర 12.1 గ్రాములు, 23 డిగ్రీల దగ్గర 20.6 గ్రాములు తీసుకోండి.)

2. మబ్బు 250 మీటర్ల ఎత్తున, సూర్యుడి కోణం 30 డిగ్రీలు అయితే నీడ ఎంత దూరంలో పడుతుంది?

3. 800 మెగావాట్ల యూనిట్ నుంచి గంటకు ఎన్ని టన్నుల నీరు ఆవిరవుతుందో పై పద్ధతిలో అంచనా వేయండి.

4. సోలార్ కేంద్రాన్ని టవర్‌కు తూర్పున పెట్టడం మేలా, పడమర పెట్టడం మేలా? మీ ఊరి గాలిని బట్టి కారణం రాయండి.

జవాబులు మీ సైన్సు మాస్టారుకు చూపించండి. సంక్రాంతి సెలవుల్లో ప్రయోగం చేసినవాళ్ళు మీ పట్టికను హాస్టల్ లైబ్రరీలో పెడితే, వచ్చే ఏడాది సంచికలో మీ పేర్లతోనే వేయమని సంపాదకవర్గాన్ని మేమే కోరతాం. పక్క జిల్లాల పూర్వ విద్యార్థులు, ముఖ్యంగా థర్మల్ కేంద్రాల్లో, విద్యుత్ శాఖలో ఉద్యోగం చేస్తున్న అన్నలు, అక్కలు మల్టీమీటర్లు, చిన్న పలకలు ఇప్పించి ఈ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తోడుగా నిలవాలని కోరుకుంటున్నాం.